జల్లెడ మీద మిగిలినవాళ్లు

సుందరి దోమతెర తాళ్లు విప్పుతోంది. మూడు మూలలు వచ్చేశాయి. నాలుగో మూలన మేకుకి ముడి బిగుసుకుపోయింది. తెర సగం జారి, లోపల ఇంకా ముసుగుతన్ని పడుకున్న అక్క భానుమతి ముఖం మీద పడింది.

“ధూత్! ఊపిరాడ్నేదే. నన్ను సంపీసి డూటీకెల్తావేటి?”

“ఎప్పట్నించి లెగమంటన్నాను?”

“లెగుస్తాను గానీ ఉండు. పెళ్లయినాక ఎలాగూ తప్పదు. అత్త కోడికంటే ముందు లెగిసి గిన్నెలు గలగలలాడిస్తాది. ఉన్నన్నాళ్లూ పడుకోనీ.”

ఇంకో రోజైతే సుందరి నవ్వేది. వారం రోజులుగా పెళ్లి మాట వస్తే చాలు, ఆమె చేతులు చేస్తున్న పని మరిచిపోతున్నాయి. తెర పట్టుకుని అలాగే నిలబడింది. భానుమతి ఒక కన్ను తెరిచి చూసింది.

“ఏటలా సూస్తన్నావు? నా ముకాన కొమ్ములేవైనా మొలిసినాయేటి?”

“ఏటీ నేదు,” అని సుందరి మళ్లీ ముడి పట్టుకుంది. గోళ్లు నొప్పెట్టేదాకా లాగింది. అక్క ఒంటి రంగు, కళ్ల కింద చర్మం, లేచి కూర్చుంటే వచ్చే ఆవులింత, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. జబ్బు జాడ ఎక్కడా లేదు. ఉండదు కూడా. అదే సుందరిని కుదురుగా ఉండనీయడం లేదు.

హౌరాలోని టికియాపారాలో వాళ్లది రైల్వే క్వార్టరు. ఒక గది, ఒక వంటిల్లు. పక్క యార్డులో ఇంజను కదిలితే అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. తండ్రి గురవయ్య షెడ్డులో బోగీలు కడుగుతాడు. తల్లి అప్పలకొండమ్మ పొద్దున్నే వీధి కొళాయి దగ్గర బిందె పెట్టి, బీహారువాళ్లతో హిందీలోనూ, బెంగాలీవాళ్లతో బెంగాలీలోనూ, తనలో తను తెలుగులోనూ దెబ్బలాడుకుని వస్తుంది. ఆమె అన్న కూర్మయ్య నది అవతల ఖిదిర్‌పూర్ రేవులో పనిచేస్తాడు. అతని కొడుకు పోలిరాజు కూడా అక్కడే. పోలిరాజుకి భానుమతి అని ఆమె ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకున్నారు. అయితే పెద్దవాళ్లు అనుకున్నందుకే నిలిచిన సంబంధం కాదిది. ఆదివారం మధ్యాహ్నం వీధి మలుపులో పోలిరాజు ఈల వినపడితే, చీరలకు ఫాల్స్ కుట్టే భానుమతికి సూది వేలిలో దిగినా తెలియదు.

అమ్మానాన్నలదీ మేనరికమే. గురవయ్య తల్లి జగ్గమ్మ, అప్పలకొండమ్మ తండ్రి సూరన్న తోబుట్టువులు.

ఈ ఇంట్లో సుందరి ఒక్కతే కాస్త వేరుగా పెరిగింది. చిన్నప్పుడు తాత సూరన్న దగ్గర ఉంచితే, శ్రీకాకుళం వైపు పల్లెలో పదో తరగతి దాకా చదివింది. అందుకని ఆమెకు తెలుగు చదవడం వచ్చు, అక్కకి రాదు. అక్కకి బజార్లో నోరు చేసుకోవడం వచ్చు, ఆమెకు రాదు. తర్వాత హౌరాలో కంప్యూటరు చదువు చదివి, సాల్ట్ లేక్‌లో ఒక పరిశోధన సంస్థలో చేరింది.

ఆ సంస్థలో థలసీమియా అనే రక్తపు జబ్బు మీద పరిశోధన జరుగుతోంది. నగరంలో ఆ జబ్బు వివరాలు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి పిల్లల ఆసుపత్రి, ఒకటి రేవు పక్క ఆసుపత్రి, ఇంకొకటి బడుల్లో రక్తపరీక్షలు చేసే స్వచ్ఛంద సంస్థ. ఎవరి కంప్యూటర్లు వాళ్లవి, ఎవరి పద్ధతి వాళ్లది. ఒకరు వయసు రాసుకుంటే ఇంకొకరు పుట్టిన తేదీ రాసుకుంటారు. ఒకరు తండ్రి పేరు ముందు అడిగితే ఒకరు తల్లి పేరు అడుగుతారు. తాతల పేర్లూ సొంత ఊరూ మాత్రం అందరూ రాసుకుంటారు. తమ దగ్గరున్నది మూటగట్టి పక్కవాడికి అప్పజెప్పడానికి ముగ్గురిలో ఎవరికీ మనసొప్పదు. అప్పజెప్పే పని లేకుండానే ముగ్గురినీ కలిపి ఒక ప్రశ్న అడగాలంటే నడుమ ఒక ప్రోగ్రాం కూర్చోవాలి. దాన్ని మిడిల్‌వేర్ అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మ అడిగితే సుందరి ఇలా చెప్పింది: “పెళ్లిళ్ల పేరయ్య లాంటిదమ్మా. ఆ ఇంటి మాట ఈ ఇంటోళ్లకి తెలిసేలా సెప్తాది, ఈ ఇంటి మాట ఆ ఇంటోళ్లకి తెలిసేలా సెప్తాది. తన కాడ ఏటీ దాసుకోదు.”

“అయితే ఆ పేరయ్యకి బువ్వెవులు పెడతారు?” అంది అప్పలకొండమ్మ.

మనుషుల పేర్లు ఆ ప్రోగ్రాంలోకి వచ్చేటప్పటికే ఎవరూ గుర్తుపట్టలేని అంకెలుగా మారిపోతాయి. కాకపోతే అది మింగలేక బయటికి తోసేసినవి కొన్ని ఉంటాయి. పుట్టకముందే పెళ్లయినవాళ్లు, తండ్రి కంటే పెద్దవాడైన కొడుకు, అలాంటి తప్పులు. వాటిని మనిషే చూసి సరిచేయాలి కాబట్టి అవి మాత్రం పేర్లతో సహా కనిపిస్తాయి. జల్లెడ పట్టాక పైన మిగిలిన రాళ్లలాంటివి. ఆ రాళ్లు చూసే పని సుందరిది.

పోయిన వారం వాటిలో ఒక కుటుంబాన్ని చూస్తూ ఆమె ఆగింది. ప్రోగ్రాం రాసిన బెంగాలీ ఆవిడ తపతీ దిని పిలిచింది. అక్క అనడానికి అక్కడ దిది అంటారు, పేరు చివరైతే ది.

“దిది, ఇది తప్పు కాదు. ఈ ఇంట్లో భార్య భర్తకి మేనమామ కూతురు.”

తపతీ ది కళ్లజోడు నుదుటి మీదికి తోసింది. “మామ కూతురా? అంటే చెల్లెలు కదే!”

“మీకు చెల్లెలు. మాకు మరదలు.”

“బాబా రే! మా ఇంట్లో మామ కూతురు భాయి ఫోటా పండగ నాడు నుదుట బొట్టు పెట్టి, అన్నయ్య చల్లగా ఉండాలని మొక్కుతుంది.”

“మా ఇంట్లో ఆ పిల్లని చేసుకోకపోతే మామ ఏడాది పొడుగునా అలుగుతాడు.”

తపతీ ది పక్క గదిలోవాళ్లు తొంగిచూసేంత గట్టిగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ తెర వైపు చూసి ఆగిపోయింది. వంశవృక్షంలో కొమ్మలు విడిపోతూ పోతాయనుకుని రాశామనీ, తిరిగొచ్చి కలుస్తాయని తట్టనే లేదనీ అంది. “ఈ జబ్బు కోసం అందరికంటే ముందు చూడాల్సిన ఇళ్లని మనమే తప్పని తీసి పారేస్తున్నాం. సుందరీ, నీకు ఈ వరసలు తెలుసు. తోసేసిన వాటిలో ఇలాంటివన్నీ ఏరు.”

సుందరి ఏరడానికి కూర్చుంది. మొదట్లో సరదాగానే ఉంది. ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్, టికియాపారా. అప్పాయమ్మలు, గురవమ్మలు, కూర్మయ్యలు. తిరనాళ్లలో సొంత ఊరివాళ్లు ఎదురుపడుతున్నట్టు ఉంది. అలా పోతూ పోతూ ఉండగా తాత సూరన్న కనిపించాడు. ఊరి పేరుతో, అతని చెల్లెలు జగ్గమ్మతో సహా.

సూరన్న కింద రెండు వరుసలున్నాయి. బడుల సంస్థ నుంచి వచ్చింది మనవరాలు భానుమతి. రేవు ఆసుపత్రి నుంచి వచ్చింది మనవడు పోలిరాజు. రెండు పేర్ల ఎదురుగానూ ఒకే మాట ఉంది: క్యారియర్.

ఆ మాటకి అర్థం సుందరికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఈ జబ్బు ఒక్కరి రక్తంలో మోసుకు తిరిగితే ఏమీ కాదు. అందరిలాగే తింటారు, తిరుగుతారు, ముసలివాళ్లవుతారు. ఆలుమగలు ఇద్దరూ మోస్తేనే వస్తుంది తంటా. పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ముప్పు. అలా పుట్టిన బిడ్డ నెలనెలా ఎవరి రక్తమో ఎక్కించుకుని బతకాలి. పిల్లల ఆసుపత్రి కంప్యూటర్లు కలపడానికి వెళ్లినప్పుడు సుందరి ఆ పిల్లల్ని చూసింది. చేతికి సూదితో బల్లల మీద వరుసగా కూర్చుని గోడకున్న టీవీలో బొమ్మలు చూస్తున్నారు. స్టాండు ఖాళీ లేక ఒక తల్లి రక్తం సంచిని తనే పైకెత్తి పట్టుకుని నిలబడింది. చెయ్యి నొప్పెడితే రెండో చేతికి మార్చుకుంటోంది.

బడుల సంస్థకి పోలిరాజు ఎవరో తెలియదు. రేవు ఆసుపత్రికి భానుమతి ఎవరో తెలియదు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది నడుమనున్న ప్రోగ్రాం. నిలబెట్టి, ఇలాంటి కుటుంబం లోకంలో ఉండదని తోసేసింది.

ఆ సాయంత్రం సుందరి తపతీ ది బల్ల దగ్గర నిలబడింది.

“దిది, వీటిలో మనకి తెలిసినవాళ్లు కనిపిస్తే ఏం చేయాలి?”

తపతీ ది తలెత్తి ఆమెను చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. “కనిపించారో లేదో నాకు చెప్పకు. ఆ ముగ్గురి గుమ్మాల చుట్టూ నేను చెప్పులరిగేలా తిరిగాను. మా దగ్గర చూసింది మా దగ్గరే ఉంటుందని ఇచ్చిన ఒక్క మాట మీద తలుపు తీశారు. ఒక్క పేరు బయటికి పొక్కిందా, మూడు తలుపులూ మూసుకుంటాయి. మళ్లీ ఎవరు తెరుస్తారు?” తర్వాత మెత్తగా అంది. “పరీక్ష చేసినవాళ్లు ఎవరి సంగతి వాళ్లకి చెప్పే ఉంటారు సుందరీ. అది వాళ్ల పని. ఎవరినీ చీకట్లో పెట్టలేదు మనం.”

ఊరడింపుగా అన్న మాటే. కానీ అప్పటి నుంచే సుందరికి నిద్ర కరువైంది. అంటే అక్కకి తన సంగతి తెలుసు. బావకి తన సంగతి తెలుసు. తెలిసే ఒకరు పెళ్లిచీర రంగు గురించి వాదిస్తున్నారు, ఒకరు ఈల వేసుకుంటూ వస్తున్నారు. ఎదుటివాళ్ల సంగతి మాత్రం ఇద్దరికీ తెలియదు.

రెండు రోజులు ఆగి, బస్సు స్టాపు నుంచి పోలిరాజుకి ఫోను చేసింది. అతను రక్తం ఇచ్చిన సంగతి దాచిందేమీ కాదు. యూనియనువాళ్లు రేవు ఆసుపత్రిలో పెట్టిన శిబిరం నుంచి మోచేతి మీద దూది అంటించుకుని సరాసరి టికియాపారా వచ్చి అందరికీ చూపించాడు. కాబట్టి దాని గురించి అడిగితే మాట తప్పినట్టు కాదని తనకు తనే నచ్చజెప్పుకుంది.

“ఏటి మరదలా, ఈ దరిద్రుడు గుర్తొచ్చినాడు?”

“బావా, ఆ రోజు రత్తం ఇచ్చినావు కదా…”

“ఇచ్చినాను. గుడ్డు పెట్టినారు, అరిటిపండు పెట్టినారు, లాల్ సలాం అన్నారు. నీకూ కావాలేటి గుడ్డు?”

“తరవాత డాక్టరు నీకేటైనా సెప్పినాడా?”

అవతల క్రేను కీచుమంటున్న చప్పుడు వినిపించింది.

“ఎవులు సెప్పినారు నీకు?”

“ఎవులూ సెప్పనేదు. అడుగుతన్నాను.” అది అబద్ధం కాదు. నిజమూ కాదు. సుందరి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“ఏదో ఉన్నాదన్నాడు. ఒక్కడికుంటే బయం నేదన్నాడు. తింటన్నాను, మోస్తన్నాను, నాకేటి? మీ అక్కకి మాత్రం సెప్పకు. ఒట్టినే బెంగెట్టుకుంటాది.”

“నువ్వే సెప్పు బావా. సెప్పి, అక్కని కూడా ఒకసారి సూపించుకోమను.”

“బాగుంది! నాలో లోపముందని నేనే సెప్పుకుని, నీలో కూడా ఉందేమో సూసుకో అనాలేటి? తనేటనుకుంటాది? మీ నాన్నేటనుకుంటాడు? వొదిలీ మరదలా. తనకేటుంటాది, గుర్రంలాగుంటాది.”

ఒక్క ముక్క చెబితే అయిపోయేది. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇంతలో బస్సు వచ్చి ఆగింది, కండక్టరు బల్ల మీద కొట్టినట్టు తలుపు బాదుతూ హౌరా, హౌరా అని అరుస్తున్నాడు. “ఉంటాను బావా,” అని ఎక్కేసింది. దారంతా కూర్చోవడానికి చోటున్నా కూర్చోలేదు.

ఆ నెలలో బందులు ఎక్కువైపోయాయి. ప్రభుత్వంలో ఉన్నవాళ్లదొకటి, వాళ్లని దింపాలనేవాళ్లదొకటి. రెండో బందుకి ముందు సాయంత్రం కూర్మయ్య మట్టి కుండలో మిష్టి దొయ్, అదే తియ్య పెరుగు, పట్టుకుని వచ్చాడు, ముహూర్తం మాట్లాడదామని. తెల్లారితే బస్సులుండవని రాత్రికి ఇక్కడే ఉండిపోయాడు. గురవయ్య పొద్దున్నే నడుచుకుంటూ షెడ్డుకి వెళ్లిపోయాడు. బస్సులూ లారీలూ లేని రోడ్డు మీద కుర్రాళ్లు ఇటుకలు పెట్టి క్రికెట్ ఆడుతున్నారు. ఇంజన్లు కూడా కదలడం లేదు. అలమరలో గ్లాసులు చప్పుడు చేయకపోతే ఇల్లు ఇల్లులా లేదు.

“పంతులు సోమయాజులు గారు ఊరి నుంచి ఫోను సేసినారు సెల్లీ. అఘ్రాన్ నెలలో, అదే మన మార్గశిరంలో, మంచిదున్నాదంట. బెంగాలీవోళ్ల పెళ్లిళ్లూ అప్పుడే. ఇప్పుడే సెప్పుకోపోతే బేండు దొరకదు,” అన్నాడు కూర్మయ్య మంచం మీద బాసింపట్టు వేసుకుని.

“బేండు నేపోతే నువ్వే డప్పు కొట్టు అన్నా. చిన్నప్పుడు కొట్టీవోడివి కదేటి,” అంది అప్పలకొండమ్మ.

కిటికీ దగ్గర భానుమతి చీర అంచుకి ఫాల్ కుడుతూ కిసుక్కున నవ్వింది. సుందరి వంటింటి గుమ్మంలో కూర్చుని కూరకి పటోల్ కాయలు గీకుతోంది. ముహూర్తం కుదిరిపోతోంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు.

“మావా,” అంది. “ఈ రోజుల్లో పెళ్లికి ముందు ఇద్దరికీ రత్త పరీచ్చ సేయిస్తన్నారు. మా ఆపీసులో అందరూ సేయించుకున్నారు.”

“రత్త పరీచ్చా? నా కొడుక్కా?” కూర్మయ్య పొట్ట కదిలేలా నవ్వాడు. “ఆడి రత్తం ఎర్రజెండావోళ్లు సంచి నిండా పట్టికెల్లినారే పిల్లా. మంచిది కాపోతే ఎనక్కి తెచ్చి ఇచ్చీరు కదేటి!”

అప్పలకొండమ్మ కూడా నవ్వింది. భానుమతి నవ్వలేదు. ఆమె సూది గుడ్డలోకి దిగి, అవతలికి రాకుండా ఆగిపోయింది.

“మంచీ సెడ్డా కాదు మావా. పుట్టబోయే పిల్లల కోసం…”

“ఓలమ్మ, పుట్టబోయేవోళ్ల దాకా ఎల్లిపోనావా!” అప్పలకొండమ్మ నవ్వు ఆగిపోయింది. “బయటి సంబంధమైతే అడగాల. ఇంటోడినడుగుతారేటి? మా అన్న రత్తం ఏరూ, నా రత్తం ఏరూనేటే? ఆణ్ణి అనుమానిస్తే నన్ననుమానించినట్టు కాదేటి?”

రక్తం వేరు కాకపోవడం వల్లే అడుగుతున్నానని సుందరి అనలేకపోయింది. ఆ మాట వెనకాలే రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి అంటే రెండోది దానంతటదే వచ్చేస్తుంది.

కూర్మయ్య బాసింపట్టు విప్పి కాళ్లు కిందికి దించాడు. “సెల్లీ, బావకి ఇష్టం నేకపోతే నాతో నేరుగా సెప్పమను. పరీచ్చలనీ గిరీచ్చలనీ పిల్ల సేత అనిపించక్కర్నేదు.”

“అయ్యో, అన్నా, దాని మాటేటి!” అప్పలకొండమ్మ కూతురి వైపు తిరిగింది. “నోరు మూసుకుని లోపలికెల్లే. ఆపీసుకెల్లి నేర్సింది సాలు.”

సుందరి కత్తిపీట ఎత్తుకుని లోపలికి వెళ్లింది. అరనిమిషం కాకముందే మంచినీళ్లకన్నట్టు భానుమతి వచ్చింది. గ్లాసు ముంచుకుంది గానీ తాగలేదు.

“ఒలే, శిబిరంలో రత్తం ఇచ్చినోళ్లకి ఆ పరీచ్చ కూడా సేస్తారేటి?”

“రేవు ఆసుపత్రోళ్లయితే సేస్తారు.”

“మా బడిలోనూ సేసినారు.” భానుమతి గొంతు తగ్గించింది. “నువ్వప్పుడు తాత కాడున్నావు. నాకున్నాదని ఒక దిది పక్కకి పిలిసి సెప్పింది. బయపడకు, పెళ్లాడే అబ్బాయికి నేకపోతే సాలు అంది. నానెవులికీ సెప్పనేదు. అమ్మకి సెప్తే మావకి సెప్తాది, మావ అత్తకి సెప్తాడు, అత్త రేవు రేవంతా సాటిస్తాది. బావకేటుంటాది అనుకున్నాను. ఆడు బస్తా యేస్తే లారీ ఊగుతాది.”

“బావకి సెప్పనేదా?”

“సెప్తే? ఆడు నన్నొగ్గడు. నాకు తెలుసు, ఒగ్గడు. మరి మావ ఒగ్గుతాడో నేదో తెల్దు కదే.” గ్లాసు గట్టు మీద పెట్టింది. “నీ ఆపీసులో పని ఇదే కదేటి. ఆసుపత్రులన్నీ కలుపుతావు. బావది నీకు తెలుసా?”

“ఆ మాట బావనే అడగక్కా.”

“నిన్నడుగుతన్నాను.”

తెలీదు. ఒక్క మాట. అది అంటే తపతీ ది ఇచ్చిన మాట నిలుస్తుంది, మూడు తలుపులూ తెరిచే ఉంటాయి, బావ వేడుకోలూ చెల్లుతుంది. ముందు గదిలో ముహూర్తం కుదురుతుంది. అఘ్రాన్ నెలలో అక్క పెళ్లిపీటల మీద కూర్చుంటుంది. సుందరికి రక్తం సంచి ఎత్తి పట్టుకుని చెయ్యి మార్చుకుంటున్న ఆ తల్లి కనిపించింది. మాట కోసం నోరు తెరిచింది. రాలేదు. తెలుసు అన్న రెండో మాట కూడా రాలేదు. గీకిన కాయనే మళ్లీ తీసుకుని గీకడం మొదలుపెట్టింది.

భానుమతి ఆ చేతుల వైపు చూస్తూ నిలబడింది.

“తెలీకపోతే తెలీదంటావు కదే,” అంది చివరికి. “నువ్వు నాకు తెల్దేటి? ఒక అబద్ధం ఆడాలంటే నీకు ముందు రోజు నించీ జొరం వొస్తాది.”

సుందరి తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే అక్క ముఖంలో ఏముందో తెలిసేది. తెలుసుకోవాలని లేదు. ముందు గదిలో కూర్మయ్య మెత్తబడ్డాడు. “పిల్లదానికేటి తెలుసులే సెల్లీ,” అంటున్నాడు. అప్పలకొండమ్మ ఆ సందు చూసుకుని పెళ్లి భోజనంలో చేపలు పెట్టాలా వద్దా అన్న సంగతి ఎత్తింది.

భానుమతి గదిలోకి వెళ్లింది. కుట్టడం సగంలో ఉన్న చీర మడత పెట్టింది. సూది దారపు ఉండకి గుచ్చి, జుట్టు చేత్తోనే ముడి వేసుకుని, మంచం కింది నుంచి చెప్పులు కాలితో లాక్కుంది.

“ఎక్కడికే?” అంది అప్పలకొండమ్మ. “ఇయ్యాల బందు. బస్సుల్నేవు.”

“మావ వొచ్చినాడని మిఠాయి తెస్తాదేమోలే,” అన్నాడు కూర్మయ్య. “షాపులు మూసినారే అమ్మా! ఉన్న దొయ్యే తిందాం, రా!”

సుందరి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భానుమతి తల్లి వైపు చూడలేదు, మామ వైపు చూడలేదు, ఆమె వైపూ చూడలేదు. గడప దిగింది. క్రికెట్ కుర్రాళ్లు బంతి ఆపి దారి ఇచ్చారు. ఖాళీ రోడ్డు మధ్యలోంచి, వంతెన వైపు, పోలిరాజు ఉండే ఖిదిర్‌పూర్‌కి నడిచి వెళ్లేవాళ్లు వెళ్లే వైపు, వెనక్కి తిరగకుండా నడుచుకుంటూ వెళ్లిపోయింది.